కింది నుంచి మూడో వరస

ఆ మూడంతస్తుల మేడలో అందరూ ఆమెను హలో పిన్ని అనే పిలుస్తారు. అసలు పేరేమిటో ఉత్తరాలు తెచ్చే మనిషికి తప్ప ఎవరికీ అక్కరలేకపోయింది. తలుపు తట్టినా "హలో", మెట్ల మీద ఎదురైనా "హలో", చివరికి పాలు పొంగినా "హలో హలో" అంటూ పరుగెత్తే మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు బోర్డు ముందు కూర్చుని పట్టిన అలవాటు అది. ఉద్యోగం నుంచి ఆమె దిగింది కానీ నోటి మీద నుంచి ఆ మాట దిగలేదు.

ట్రంకు బోర్డంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు విడమరిచి చెప్పాలి. నిలువెత్తు చెక్క పలక. దానికి వరసలు వరసలుగా కన్నాలు. ఒక్కో కన్నం ఒక్కో ఊరో, ఆఫీసో. ముందున్న బల్లలోంచి పైకి లేచే తీగలు. "ఫలానా నంబరు కలపమ్మా" అని ఎవరైనా అడిగితే తీగ లాగి ఆ కన్నంలో గుచ్చాలి. చూసి గుచ్చుతూ కూర్చుంటే పని సాగదు. కళ్ళు చీటీ మీద ఉంటాయి, చెవి ఒక లైనులో ఉంటుంది, నోరు ఇంకొకరికి జవాబు చెబుతూ ఉంటుంది. చెయ్యి మాత్రం తన దారిన తాను పోయి నాలుగో వరసలో ఎడమ నుంచి తొమ్మిదో కన్నం దగ్గర ఆగుతుంది. నంబర్ల సంగతీ అంతే. ఒకసారి చెవిన పడిందా, ఇక ఆ నంబరు ఆమెను వదలదు. మరిచిపోవడం తనకు చేతకాదని, అదొక జబ్బని తనే చెప్పుకుని నవ్వేది.

ఒకసారి ఎక్స్ఛేంజిలో ఒక కొత్త ఇంజనీరుకు బోర్డు చూడముచ్చటగా లేదనిపించింది. ఆదివారం వచ్చి రెండు వరసలు అటుదిటు, ఇటుదటు చేసి చేతులు దులుపుకుని పోయాడు. ఎవరికీ చెప్పలేదు. సోమవారం పొద్దున హలో పిన్ని చెయ్యి అలవాటు చొప్పున పోయింది, ప్రసూతి ఆసుపత్రికి కలపాల్సిన తీగను ఐసు ఫ్యాక్టరీకి గుచ్చింది. అక్కడి గుమాస్తా "ఎన్ని దిమ్మలు కావాలి?" అని అడుగుతుంటే అవతల ఒక మొగుడు గగ్గోలు పెడుతున్నాడు. లైను మార్చి కలిపేసరికి నిమిషం పట్టింది. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు కానీ, ఆ నిమిషం మాత్రం ఆమెకు జీర్ణం కాలేదు. చెవికున్న హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి లేచి నిలబడింది. ఆమెను చూసి తక్కిన పదకొండు మంది ఆడవాళ్ళూ నిలబడ్డారు. ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. ఆ సాయంత్రం నుంచి ఎక్స్ఛేంజిలో ఒక కట్టుబాటు పుట్టింది. ఒక్క కన్నం జరపాలన్నా పదిహేను రోజుల ముందు గోడకు పచ్చ కాగితం అంటించాలి, దాని కింద పన్నెండు మందీ సంతకాలు పెట్టాలి. సంతకాల్లో మొదటిది ఎప్పుడూ ఆమెదే. బోర్డుతో పాటు ఆ కట్టుబాటూ పాతసామాన్ల గదిలోకి పోయింది, అది వేరే సంగతి.

ఇప్పుడామెకు అరవై ఆరు. రెండో అంతస్తులో చెల్లెలితో కలిసి ఉంటుంది. చెల్లెలు కుట్టుమిషను మనిషి. ముందు గదంతా దానిదే, గుడ్డముక్కలు, దారపు కండెలు, గోడకు మేకులు, ఏ మేకుకు ఏ కత్తెరో దానికి లెక్క. వెనక గది హలో పిన్నిది. మంచం, రేడియో, కిటికీ దగ్గర కుర్చీ.

రెండేళ్ళ కిందట ఆమె చూపు నడుమ మచ్చ మొదలైంది. అదొక వింత జబ్బు. పక్కలు కనిపిస్తాయి, చూసే చోటు కనిపించదు. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, ముక్కు కనిపించదు. కుడికన్ను ముందే చేతులెత్తేసింది. ఎడమకన్నును మాత్రం నాలుగు వారాలకోసారి సూదిమందుతో కాపాడుకుంటూ వస్తున్నారు. కంట్లో సూది అంటే వినేవాళ్ళకే గుండె జారిపోతుంది. ఆమె మాత్రం "చీమ కుట్టినంత" అని కొట్టిపారేస్తుంది. డాక్టరు మొదటి రోజే ఖచ్చితంగా చెప్పాడు: "సూది తప్పితే మచ్చ కిందికి నీరు చేరుతుందమ్మా. ఒకసారి పోయిన చూపును మళ్ళీ తెచ్చి పెట్టే మందు నా దగ్గర లేదు."

ఆ సూదికి తేదీ దొరకడం సూది కన్నా కష్టం. ఆసుపత్రివాళ్ళు ప్రతి సోమవారం పొద్దున ఏడింటికి ఆ వారం స్లాట్లు వెబ్‌సైటులో పెడతారు. నలభై ఉంటాయి. ఆరేడు నిమిషాల్లో అయిపోతాయి. వయసులో ఉన్నవాళ్ళకే చేతులు తడబడే ఆ పనిని, నడిమి చూపు లేని ఈవిడ పద్నాలుగు నెలలుగా ఒక్కసారి కూడా తప్పకుండా చేసుకుంటూ వచ్చింది. ఎలాగంటే, బోర్డు మీద పనిచేసినట్టే.

ఆదివారం సాయంత్రం చెల్లెలి చేత నంబరూ పాస్‌వర్డూ కొట్టించి ఆసుపత్రి పేజీ తెరిచి ఉంచుకునేది. సోమవారం పొద్దున కిటికీ దగ్గర కూర్చుని రేడియో పెట్టేది. ఏడు గంటలకు ముందు రేడియోలో పొట్టి బీప్‌లు వస్తాయి, చివర ఒక పొడుగు బీప్. పొట్టివి మొదలవగానే బొటనవేలు కుడిచేతి వైపు కింది మూలనున్న మూడు చుక్కల మీద పడేది, మెనూ తెరుచుకునేది. అక్కడి నుంచి పైకి లెక్క. ఒకటి, రెండు, మూడు. కింది నుంచి మూడో వరస రిఫ్రెష్. పొడుగు బీప్ మొదలైన క్షణాన వేలు అక్కడ పడేది. పేజీ కొత్తగా తెరుచుకుని స్లాట్ల పట్టీ వచ్చేది. పట్టీలో మొదటిది ఎక్కడ వస్తుందో కూడా వేలికి తెలుసు. అక్కడో నొక్కు, కింద ఆకుపచ్చ పట్టీ మీద ఇంకో నొక్కు. "కలిసింది" అని చెల్లెల్ని కేకేసేది.

చెల్లెలి కొడుకు ఎన్నోసార్లు అన్నాడు, "పెద్దమ్మా, నేను చేసిపెడతాను కదా" అని. అతను ఊరికి అటు చివర తన ఆఫీసు దగ్గర కాపురముంటాడు. ఫోన్లలో తెరల మీద ఏ బొత్తం ఎక్కడుండాలో గీసే ఉద్యోగం. ఆమె ఒప్పుకునేది కాదు. "నా లైను నేను కలుపుకోలేని రోజు వస్తే చెబుతాలేరా" అనేది. అంధురాలిని కానని రోజూ అందరితో వాదించక్కర్లేకుండా, నెలకోసారి ఆ వేలితో చెప్పుకునేది.

ఆ ఆదివారం రాత్రి ఫోను ఛార్జింగుకు పెట్టి పడుకుంది. ఆమె పడుకుంది, ఫోను పడుకోలేదు. ఎక్కడో ఎవరో నొక్కిన బొత్తానికి బ్రౌజరు తనను తాను అప్‌డేట్ చేసుకుంది. చెప్పా పెట్టకుండా మెనూ మారిపోయింది. ఒకదాని కింద ఒకటిగా, పెద్ద పెద్ద అక్షరాలతో ఉన్న వరసలు పోయి, బూడిద రంగు సన్నగీతల బొమ్మలు గళ్ళు గళ్ళుగా వచ్చాయి. పొద్దున చూస్తే పేజీ ఎప్పటిలాగే తెరిచి ఉంది. మెనూ మారిందని మెనూ తెరిస్తేగా తెలిసేది!

రేడియోలో బీప్‌లు మొదలయ్యాయి. వేలు మూడు చుక్కల మీద పడింది. ఏదో కదిలింది. ఒకటి, రెండు, మూడు. పొడుగు బీప్‌తో సరిగ్గా, తన సర్వీసులో ఏనాడూ తప్పని కొలతతో, వేలు పడాల్సిన చోట పడింది. పడాల్సిన చోటే, కానీ ఇప్పుడక్కడ ఉన్నది రిఫ్రెష్ కాదు, "బయటికి" అనే బొత్తం. దానికి మర్యాద కూడా లేదు. నిజంగా వెళ్తారా అని ఒక్క మాట అడగలేదు. పేజీ మూసింది, నంబరు తుడిచింది, పాస్‌వర్డు తుడిచింది, "అన్నీ శుభ్రం చేశాం" అని తనను తాను మెచ్చుకుని మాయమైపోయింది.

"లైను తెగింది! చెల్లాయ్, లైను తెగింది!"

చెల్లెలు మిషను మీద నుంచి లేచి పరుగెత్తుకొచ్చింది. బ్రౌజరు తెరిచారు. "కొత్త రూపానికి స్వాగతం" అంటూ ఒక బొమ్మ చెయ్యూపింది. దాన్ని దాటడానికి మూడుసార్లు "తరవాత" నొక్కాల్సి వచ్చింది. ఆసుపత్రి పేరు కొట్టారు, పేజీ వచ్చింది. నంబరు అడిగింది. నంబరు ఆమె నోటికొచ్చు. పాస్‌వర్డు చెల్లెలి పుస్తకంలో ఉంది. పుస్తకం గుడ్డల కింద ఉంది. కంగారులో ఒక అక్షరం తప్పు, మళ్ళీ మొదటికొచ్చింది. ఓటీపీ వచ్చింది, చెల్లెలు కళ్ళద్దాలు వెతుక్కునేలోపు దాని గడువైపోయింది. అన్నీ కుదిరి పట్టీ తెరుచుకునేసరికి ఏడూ పదకొండు. నలభై స్లాట్లూ బూడిద రంగులో ఉన్నాయి.

"వచ్చే సోమవారం ప్రయత్నించండి అంటోంది అక్కా" అంది చెల్లెలు నెమ్మదిగా.

హలో పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు తనదైతే ఆమె ఒప్పుకునే మనిషే. వేలు జారితే జారిందనేది. కానీ వేలు జారలేదు. అరసెకను అటూ ఇటూ కాలేదు. "నా ఇంట్లోకి దూరి నా సామాను సర్దిపోయాడు ఎవడో! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, అసలు నాకు కొండనాలుక నొప్పే లేదు కదే, వీడికెవడు చెప్పాడు మందెయ్యమని?"

"నా మేకు మీద కత్తెర ఎవరన్నా తీసి ఇంకో మేకుకు పెడితే చెయ్యి విరగ్గొడతాను" అంది చెల్లెలు. ఓదార్పు దానికి ఆ రూపంలోనే వస్తుంది.

హలో పిన్ని ఆసుపత్రికి ఫోను చేసింది. ఎత్తింది మనిషి కాదు, యంత్రం. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ తిప్పి తిప్పి మళ్ళీ మొదటికే తెచ్చి వదిలింది. ముప్పై ఒక్క ఏళ్ళు మనుషులకు మనుషుల్ని కలిపిన ఆవిడకు, మాట్లాడ్డానికి ఒక్క మనిషిని కలిపేవాళ్ళు లేకపోయారు. చెల్లెలి చెయ్యి పట్టుకుని రెండు బస్సులు మారి తొమ్మిదిన్నరకు ఆసుపత్రికి చేరింది.

అద్దం వెనక కౌంటరు పిల్ల మంచిదే, కానీ దాని ముందున్న కంప్యూటరు మంచిది కాదు. "ఆన్‌లైన్‌లోనే ఆంటీ. ఇక్కడ నేను రాద్దామన్నా రాయనివ్వదు."

"అమ్మాయ్, పద్నాలుగు నెలల్లో ఒక్కసారి తప్పలేదు. ఇవాళ నా తప్పు లేకుండా తప్పింది. డాక్టరుగారిని ఒక్క మాట అడుగు."

"డాక్టరుగారు ఆపరేషను థియేటర్లో ఉన్నారు. ఎమర్జెన్సీ అంటే దెబ్బ తగిలినవాళ్ళకే ఆంటీ. మరి ఫోనులో మీరు ఏం నొక్కారు?"

"నొక్కాల్సిందే నొక్కాను."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. "ఈ వయసులో ఫోన్లెందుకు పాపం" అన్నారు ఇంకెవరో, జాలిగా. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, స్లాటు పోయినప్పుడు రాని కన్నీళ్ళు ఆమెకు అక్కడ వచ్చాయి. అందరికీ వినపడేలా అంది, "వయసు కాదమ్మా. వయసుకు బాగానే వచ్చు. మారింది నేను కాదు." వరస ముందుకు కదిలింది.

సాయంత్రం చెల్లెలి కొడుకు వచ్చాడు. చెప్పులు విప్పేలోపే హలో పిన్ని కుర్చీ చూపించింది. అతను నేరస్తుడిలా కూర్చున్నాడు.

"ఎవర్నడిగి మార్చార్రా?"

"నేను కాదు పెద్దమ్మా. అది వేరే కంపెనీ."

"నువ్వు చేసేదీ ఆ పనేగా? వంటవాడివి, పక్కింటి కూరలో ఉప్పెందుకు ఎక్కువైందో చెప్పలేవా?"

అతను ఫోను తీసుకుని అటూ ఇటూ చూసి, "ఊరికే మార్చరు పెద్దమ్మా, లెక్కలు చూస్తారు" అన్నాడు. "ఎవరు దేన్ని ఎన్నిసార్లు నొక్కుతున్నారో మొత్తం తెలుస్తుంది. మెనూలోకి వెళ్ళి రిఫ్రెష్ నొక్కేవాళ్ళు రెండు శాతం కూడా ఉండరు. మిగతావాళ్ళంతా తెరని వేలితో కిందికి లాగుతారు, అదే రిఫ్రెష్ అవుతుంది. అందుకని ఆ చోటు ఖాళీ చేసి ఉంటారు."

"లాగితే అవుతుందని నాకెవరు చెప్పారు?"

"ఎవరూ... చెప్పరు. అలవాటవుతుంది."

"అలవాటయ్యిందిరా! పద్నాలుగు నెలలు పట్టింది అలవాటవడానికి. దాన్నేగా మీరు పీకేసింది." ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. ఆమె చూపు అతని చెవి పక్కగా పోతోంది. అతని ముఖం చూడాలంటే ఆమె అటు చూడాలి. "రెండు శాతం అన్నావు. అంటే ఎంతమంది?"

అతను మనసులో లెక్కేశాడు. "కొన్ని లక్షలు."

"కొన్ని లక్షల మందికి చెప్పకుండా బోర్డు మార్చారన్నమాట. నేను పనిచేసిన చోట పన్నెండు మందికి చెప్పకుండా మార్చలేకపోయారు."

"అంతమందిని ఎలా అడుగుతారు పెద్దమ్మా?"

"ఎందుకడగరు? వారానికోసారి తెర మధ్యలోకి ఊడిపడి, మా బ్రౌజరు నచ్చిందా, చుక్కలివ్వండి, ఐదిస్తారా నాలుగిస్తారా అని అడుగుతుందే! చుక్కలు అడుక్కోవడానికి దారి తెలుసు, రేపు నీ బొత్తం తీసేస్తున్నానమ్మా అని చెప్పడానికి దారి తెలియదా?"

వంటగదిలోంచి చెల్లెలు "అడుగక్కా, బాగా అడుగు" అంది. కన్నకొడుకైనా సరే, ఆ పూట దానికి దయ లేదు.

"కొత్తది చూడ్డానికి శుభ్రంగా ఉందని..." అని మొదలుపెట్టి అతను మధ్యలోనే ఆగిపోయాడు. ఎవరికి చూడ్డానికి అని ఆమె అడగలేదు. అడగకపోవడమే అతనికి ఎక్కువ తగిలింది.

పాత మెనూ తిరిగి తెచ్చే దారి కోసం అరగంట వెతికాడు, దొరకలేదు. అక్షరాలు పెద్దవి చేసే చోటు మాత్రం దొరికింది, నాలుగు తలుపులు దాటి లోపల. "ఫిర్యాదు రాయాలిరా" అంది ఆమె. ఫిర్యాదు గడి ఇంకా లోపల, ఆరో తలుపు వెనక ఉంది. ఆమె చెప్పింది, అతను కొట్టాడు. పాత ఉద్యోగపు గొంతు, ఒక్కో మాటా విడివిడిగా.

"కింది నుంచి మూడో వరసలో ఉన్న రిఫ్రెష్‌ను నాకు చెప్పకుండా తీసేసి అక్కడ బయటికి పోయేది పెట్టారు. సోమవారం ఏడు గంటలకు నా లైను తెంపారు. నాకున్నది ఒక్క కన్ను. అది పోతే ఆ లైను మళ్ళీ కలిపేవాళ్ళు లేరు. ఫిర్యాదు నంబరు చెప్పండి."

పంపాడు. వెంటనే జవాబొచ్చింది. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని, పక్కన ఒక పసుపుపచ్చ నవ్వు మొహం.

"నంబరు?"

"నంబరు ఇవ్వరు పెద్దమ్మా."

"మరి ఎవరికి చేరినట్టు?" ఎక్స్ఛేంజిలో ఫిర్యాదు అందుకున్న ప్రతివాళ్ళూ వరస నంబరు వేసి, తమ సంతకం పెట్టి, డ్యూటీ దిగేలోపు జవాబు చెప్పాలి. ఒకరోజు ఆమె వానలో తడుస్తూ వెళ్ళి ఒక ముసలాయనకు ఆయన ఫోను ఎందుకు మూగబోయిందో చెప్పి వచ్చింది. చెప్పకపోతే ఆమెకు అన్నం దిగేది కాదు. ఇప్పుడు నవ్వు మొహం చాలట.

ఆ వారం మెల్లగా గడిచింది. ఐదో రోజు మధ్యాహ్నం కిటికీ వైపు చూస్తే కమ్మీలు నడుమ వంగి కనిపించాయి. చేత్తో తడిమింది. కమ్మీలు నిటారుగానే ఉన్నాయి. తలుపు అంచు చూసింది, అదీ వంకర పోయింది. డాక్టరు చెప్పిన నీరు ఇదేనని ఆమెకు అర్థమైంది. చెల్లెలికి చెప్పలేదు. చెబితే అది మిషను ఆపి ఏడుస్తుంది, ఏడ్చినా స్లాటు రాదు. ఆ సాయంత్రమంతా రేడియో పెట్టలేదు.

సోమవారం తెల్లవారకముందే చెల్లెలి కొడుకు వచ్చేశాడు. నంబరు, పాస్‌వర్డు, ఓటీపీ అన్నీ కొట్టి సిద్ధంగా పెట్టాడు. నొక్కబోతుంటే ఆమె చెయ్యి చాపింది. ఫోను ఇచ్చేశాడు. పొడుగు బీప్‌కు ఆమె వేలు తెరను కిందికి లాగింది. అతను నేర్పిన పద్ధతే. గురువారానికి స్లాటు దొరికింది. ఆమె "కలిసింది" అని కేకెయ్యలేదు. పది రోజులు ఆలస్యంగా కలిసిన లైనుకు కేకలెందుకు?

గురువారం అతను సెలవు పెట్టి వెంట వచ్చాడు. వరండాలో బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. అతనడిగాడు, "పెద్దమ్మా, మీ ఆఫీసులో గోడకు అంటించే ఆ పచ్చ కాగితం మీద ఏం రాసేవాళ్ళు?"

"ఏది జరుపుతున్నాం, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తారీఖున, ఎందుకు. అంతే. నాలుగు లైన్లు."

"ఎందుకు అన్నది కూడా రాయాలా?"

"అదే ముందు చదివేవాళ్ళం. సగంసార్లు అది రాయలేకే మానుకునేవాళ్ళు." అతను తల ఊపాడు. వాళ్ళ ఆఫీసులో వచ్చే వారం బస్సు టికెట్ల యాప్‌లో ఒక బొత్తం జరపబోతున్నారని ఆమెకు చెప్పలేదు.

లోపలికి పిలిచారు. సూదికి ముందు చూపు కొలుస్తారు. చీకటి గదిలో గోడకు అంకెల పటం, వెనక దీపం. పైన ఒక పెద్ద అంకె, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. అంచులు పసుపురంగు తిరిగి, ఒక మూల ప్లాస్టరుతో అతికించిన పటం. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి కుడికన్ను మూసి, "చదవండి ఆంటీ" అంది. పోయిన నెల ఆమె ఐదో వరస దాకా చదివింది. ఐదో వరస నిలిస్తే చూపు నిలిచినట్టు. అప్పుడు సూదుల మధ్య గడువు ఇంకో రెండు వారాలు పెంచుతామని డాక్టరు మాట ఇచ్చాడు కూడా.

మొదటి వరస. రెండు. మూడు. నాలుగో వరస కొంచెం తడుముకుంటూ, తల పక్కకు తిప్పుకుంటూ చదివింది.

"ఐదోది?"

"నాలుగు ఏడు, తొమ్మిది రెండు, మూడు ఎనిమిది."

ట్రంకు బోర్డు మీద నంబరు చెప్పినట్టు, రెండేసి అంకెలుగా, ఎక్కడా ఆగకుండా. "వెరీగుడ్ ఆంటీ, ఏం మార్పు లేదు" అంటూ ఆ అమ్మాయి కాగితం మీద ఐదు అని వేసింది. వెనక నిలబడ్డ చెల్లెలి కొడుకు పది రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు. "చూశావా పెద్దమ్మా, ఏమీ కాలేదు!" అన్నాడు. ఆ గొంతులో ఎంత సంతోషముందంటే, ఆమెకు దాన్ని చెరపబుద్ధి కాలేదు. అలాగే ఉండనిస్తే వాడు ఇంటికి నవ్వుతూ వస్తాడు, చెల్లెలు నవ్వుతుంది. ఎవరి తప్పూ ఉండదు, ఎవరికీ నష్టం ఉండదు. మెనూ మార్చినవాడికి కూడా.

"కొట్టెయ్యి అమ్మాయ్" అంది. "అది నేను చదవలేదు."

"చదివారుగా ఆంటీ, ఆరూ కరెక్టే."

"కరెక్టే. పద్నాలుగు నెలలుగా అవే ఆరు. నోటికొచ్చేసింది. నువ్వు ఐదోది అనగానే నాలుక దానంతటదే పోయింది, ఆ రోజు నా వేలు పోయినట్టు. అక్కడ నాకు కనబడేది వంకర గీత ఒక్కటే."

చెల్లెలి కొడుకు నవ్వు ఏమైందో ఆమెకు కనిపించలేదు. అతని చెవులు మాత్రం కనిపిస్తున్నాయి. ఆమె లేచి పటం దగ్గరకు నడిచి, ప్లాస్టరు అతికించిన మూలను వేలితో తట్టింది.

"నా బొత్తాన్ని ఒక్క రాత్రిలో మార్చేశారు. దీన్నేమో ఇన్నాళ్ళలో ఒక్కసారి మార్చాలని ఎవడికీ తోచలేదు. ఒరేయ్, నీ లెక్కల్లో రాసుకో. మార్చాల్సింది ఇదిరా!"

తెల్లకోటు అమ్మాయి అలమార తెరిచింది. లోపల చుట్టలు చుట్టిన పటాలు నాలుగున్నాయి, నాలుగింటికీ వేరువేరు అంకెలు, పైన దుమ్ము. "కొన్నప్పుడే ఇచ్చారు ఆంటీ. ఎవరూ అడగలేదని..." అంటూ గుడ్డతో తుడిచి, పాతదాన్ని దించి కొత్తదాన్ని తగిలించింది.

హలో పిన్ని కుర్చీలో సర్దుకుని కూర్చుని మొదటి నుంచి చదివింది. నాలుగో వరసలో మూడు అంకెలు చెప్పి ఆగిపోయింది. ఆ అమ్మాయి ఐదును కొట్టేసి నాలుగు వేసింది. చెల్లెలి కొడుకు ముందుకొచ్చి, ఆ కాగితాన్ని ఫొటో తీసుకోవచ్చా అని అడిగాడు.

"ఎందుకురా?"

"మా ఆఫీసులో చూపించాలి పెద్దమ్మా" అన్నాడు. "రెండు శాతం ఇలా ఉంటుందని."